వరాలమ్మ అడుగులు సున్నా

ఒక పెద్ద అడవిలో ఎవరికీ పెద్దగా జబ్బులు లేని రోజుల్లో జరిగిన సంగతి ఇది. జబ్బులు తరువాత వచ్చాయి, ఆరోగ్యం మొదలయ్యాక.

ఆ అడవిలో అంచెకూత అని ఒక పద్ధతి ఉండేది. పులి కదిలితే ముందుగా చూసేది నల్లమద్ది చెట్టు చిటారుకొమ్మన కూర్చున్న కొండముచ్చు. అది దగ్గినట్టుగా ఒక కూత కూసేది. ఆ కూత విని దుప్పి కూసేది. దుప్పిని విని వాగు అవతలి పెద్దజింక కణుజు, కణుజుని విని నెమలి. పులి నాలుగడుగులు వేసేలోపు కూత అడవి ఆ చివరికి చేరిపోయేది. విన్నవాళ్ళు విన్నామని తెలియడానికి తోక పైకెత్తేవాళ్ళు.

దానికి మూడు నియమాలు. విన్నది ఆపకూడదు. విన్నది మార్చకూడదు. ఎవరు చూశారు, ఎక్కడ చూశారు అని అడగకూడదు. వెనకటికి ఒక కణుజు అడిగిందట, "నిజంగా పులేనా, నువ్వు చూశావా" అని. దాని అనుమానం పులే వచ్చి తీర్చింది. అప్పటినుంచి ఆ అడవిలో ఎవరూ ఏదీ అడగరు.

చిటారుకొమ్మ మీది కొండముచ్చు పేరు కోదండం. పులి ఉన్నంతకాలం చెట్టుకింద నుంచి పోయేవాళ్ళందరూ తలెత్తి ఆయన్ని పలకరించేవాళ్ళు. ఎలుగుబంటి బుచ్చయ్య ఇప్పపూలు ఏరుకొచ్చి చెట్టు మొదట్లో పెట్టి వెళ్ళేవాడు.

ఆ ఏడు పులి నది దాటి అవతలి ఒడ్డుకి కాపురం మార్చింది. అక్కడ పశువులు మేతకొస్తాయట, పరిగెత్తే పని లేదట. దాని వయసుకి మంచి నిర్ణయమే. నష్టపోయింది కోదండం ఒక్కడే. మొదటి నెలలో పలకరింపులు తగ్గాయి. రెండో నెలలో బుచ్చయ్య ఇప్పపూలు తనే తినడం మొదలుపెట్టాడు. మూడో నెలలో ఒక జింకపిల్ల చెట్టుకింద నిలబడి, "అమ్మా, పైన ఉన్న తాత ఏం చేస్తాడు?" అని అడిగింది. ఆ మాట కోదండానికి వినబడింది.

మర్నాడు ఆయన పంచాయితీ పెట్టించాడు.

ఆ అడవి పంచాయితీ నల్లమద్ది పక్కనున్న చవుడు నేల దగ్గర జరిగేది. ఉప్పు నాకడానికి ఎలాగూ అందరూ వస్తారు కాబట్టి హాజరు బాగుండేది. పంచాయితీ పెద్ద, ఏనుగు మాణిక్యమ్మ. ఆవిడకి చెవులు పెద్దవి. అందరూ చెప్పింది శ్రద్ధగా వింటుంది, ఆఖరున ఎవరు మాట్లాడితే వాళ్ళు చెప్పింది తీర్మానం చేస్తుంది. ఈ సంగతి తెలిసినవాళ్ళు ఆఖరున మాట్లాడడానికి తోసుకునేవాళ్ళు.

"పులి లేదని కూత మానేస్తే గొంతులు పట్టేస్తాయి," అన్నాడు కోదండం. "వినడానికి చెవులున్నాయి, ఎత్తడానికి తోకలున్నాయి. అంచెలో మంచి మాటలు పంపుదాం."

"ఏం మంచి మాటలు నాయనా?" అంది మాణిక్యమ్మ.

"ఆరోగ్యం, అమ్మగారూ. పులి లేకపోయినా చచ్చేవాళ్ళు చస్తూనే ఉన్నారు కదా. దేనివల్ల?"

ముళ్ళపంది సూరయ్య గొంతు సవరించుకున్నాడు. అడవిలో వైద్యం తెలిసినవాడు ఆయనే. "వయసు వల్ల," అన్నాడు.

"విన్నారా. ఇన్నాళ్ళూ మనం చేయించుకున్న వైద్యం ఇది," అన్నాడు కోదండం.

అందరూ సూరయ్య వైపు కొంచెం జాలిగా చూశారు. సూరయ్య వైద్యం గురించి చెప్పాలంటే ఎక్కువేం లేదు. ఎవరైనా కడుపునొప్పి అని వెళ్తే ఏం తిన్నావు, ఎప్పుడు తిన్నావు అని అడిగేవాడు. "రెండు రోజులు ఆగి రా," అనేవాడు. రెండు రోజుల్లో తగ్గిపోయేది, వాళ్ళు మళ్ళీ వెళ్ళేవాళ్ళు కాదు. సూరయ్య దగ్గరికి వెళ్ళినవాళ్ళు తిరిగి రారని అడవిలో ఆయనకి చెడ్డపేరు.

కోదండమే ఆఖరున మాట్లాడాడు. తీర్మానం అయిపోయింది.

మర్నాడు పొద్దున్నే మొదటి ఆరోగ్యకూత వెళ్ళింది. "లేవగానే వేపచిగురు తినండి." కోదండం తను తినలేదు, ఆయనకి చేదు పడదు. ముప్ఫై తోకలు లేచాయి. పులి వచ్చిందని కూసిన రోజుల్లోనూ తోకలు లేచేవి గానీ అప్పుడు లెక్కపెట్టే తీరిక ఉండేది కాదు. ఇప్పుడు తీరిగ్గా లెక్కపెట్టుకున్నాడు. ఆ మధ్యాహ్నం ఆయనకి ఆకు సహించలేదు. రేపు ముప్ఫై ఒకటి ఎలా అన్నదే ఆలోచన.

వారం తిరక్కుండా వేపచిగురు కాలేయానికి మంచిది కాదని కూత వచ్చింది. అప్పటికే తిన్నవాళ్ళు భయపడి చింతచిగురు తిన్నారు. తేనె మెల్లగా చంపుతుందని వచ్చింది. బుచ్చయ్య తేనె మానేసి బెరడు నమలడం మొదలుపెట్టాడు. తేనె తినేటప్పుడు అతనితో కాసేపు కూర్చోవచ్చు, బెరడు మొదలుపెట్టాక ఎవరూ కూర్చోలేకపోయారు. సూర్యుడి కన్నా ముందే లేవాలని వచ్చింది. గుడ్లగూబ అప్పుడే పడుకోబోతోంది. అడవి మొత్తం తోక ఎత్తింది కదా అని అదీ మేలుకుంది, మూడో రోజున ఎండలో ఎగురుతూ మోదుగుచెట్టుని గుద్దుకుంది. పడుకోకుండా ఎగరడం వల్ల కాదని, మోదుగు గాలి మంచిది కాదని సాయంత్రానికి కూత వెళ్ళింది.

దుప్పి సుభద్ర ఆ రోజుల్లో అందరికన్నా బిజీ. కోదండం కూత మొదట అందుకునేది ఆవిడే. అంతకుముందు ఆవిడ కోదండం కింద పడేసిన ఆకులు తిని, నెమరు వేసుకుని, కునుకు తీసేది. ఇప్పుడు పొద్దున లేచి వాగులో నాలుక రంగు చూసుకునేది. నీళ్ళు కొంచెం ఆకుపచ్చగా ఉండేవి. నాలుక కూడా అలాగే కనబడేది. ఆవిడకి కునుకు పోయింది.

ఇక కుందేలు పానకాలు. అతను అడుగుల పోటీ పెట్టాడు. ఎవరు రోజుకి ఎన్ని అడుగులు వేశారో సాయంత్రం అంచెలో చెప్పాలి. మొదటి స్థానం తనదేనని అతని నమ్మకం. జెర్రి ఒకటి వచ్చి చేరింది. బండకింద నుంచి బయటికొచ్చి, నీళ్ళు తాగి మళ్ళీ బండకిందకి పోయేసరికి దానికి నాలుగువేల అడుగులయ్యేవి. పానకాలు ప్రాణం పెట్టి పరిగెత్తినా రెండో స్థానమే. కాళ్ళని బట్టి విడిగా లెక్క కట్టాలని అర్జీ పెట్టుకున్నాడు గానీ మాణిక్యమ్మ దగ్గర ఆఖరున మాట్లాడింది జెర్రి.

ఇదంతా ఇలా నడుస్తుండగా ఒక రోజు పానకాలు అడుగుల పట్టిక మొత్తం చూసి, "ఈవిడెవరు? ఇరవై రోజుల నుంచీ సున్నా," అన్నాడు.

ఆవిడ కొండచిలువ వరాలమ్మ.

వరాలమ్మ సూరయ్య బొరియలో ముందు గదిలో ఉండేది. ఆయన వెనక గది. ఇంటాయన తినడానికి వీలుకానివాడు కాబట్టి ఇద్దరికీ బాగా సరిపోయింది. వరాలమ్మ మామూలుగా ఏడాదికి రెండు మూడుసార్లు తినేది. పోయినవాళ్ళ బంధువులకి తప్ప అది ఎవరికీ గుర్తుండేది కాదు. ఆ వేసవిలో ఆవిడ ముప్ఫై నాలుగు గుడ్లు పెట్టింది. గుడ్లన్నీ ఒక్కచోట చేర్చి, వాటి చుట్టూ చుట్టలు చుట్టుకుని, పైన తల పెట్టి కూర్చుంది. చల్లగా ఉన్న పూట ఒళ్ళు వణికించి ఆ వేడి గుడ్లకి ఇచ్చేది. రెండు నెలలు తినదు, కదలదు. వాళ్ళ జాతిలో తల్లి చేసే పని అదే.

ఆవిడ తినడం మానేసి ఇరవై రోజులయ్యేసరికి ఆవిడ తినే రకమన్న సంగతి అడవి మర్చిపోయింది. పరామర్శకి వెళ్ళారు. సుభద్ర, పానకాలు, ఇంకో అరడజను మంది.

"అక్కా, ఎలా ఉన్నావు?" అంది సుభద్ర, బొరియ ముందు నిలబడి. నిలబడి అంటే, వరాలమ్మ తల చాపితే అందేంత దూరంలో.

"బాగానే ఉన్నానమ్మా," అంది వరాలమ్మ.

"బాగానే ఉన్నాననుకోవడమే మొదటి లక్షణం," అన్నాడు పానకాలు.

"ఏం లక్షణం బాబూ?"

"అడుగులు సున్నా. ఆహారం సున్నా. పైగా వణుకుతున్నావు."

"వణికిస్తున్నానయ్యా. గుడ్లకి వెచ్చగా ఉంటుందని."

పానకాలు సుభద్ర వైపు చూశాడు. సుభద్ర తల ఊపింది. రోగి ఒప్పుకోవడం లేదన్నమాట.

"అత్తా, నీ మంచికే చెప్తున్నాం," అన్నాడు పానకాలు. "నువ్వు తినే పద్ధతే తప్పు. ఆరునెలలకోసారి అంత పెద్దది తినడమేమిటి? కొంచెం కొంచెంగా, రోజూ తినాలి. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. చిన్నవి."

వచ్చినవాళ్ళందరూ ఔనన్నారు. అందరూ చిన్నవాళ్ళే.

"నాకు పడదు బాబూ," అంది వరాలమ్మ మర్యాదగా.

"అలవాటు చేసుకుంటే పడుతుంది," అంది సుభద్ర. "మేమందరం నీకు తోడు ఉంటాం."

వరాలమ్మ అప్పుడు కదల్లేదు. అందుకని మర్నాటి నుంచి పొద్దున్నే అంచెలో ఆవిడ పేరు రావడం మొదలైంది. "వరాలమ్మ: అడుగులు సున్నా, ఆహారం సున్నా." దుప్పి కణుజుకి చెప్పింది, కణుజు నెమలికి చెప్పింది. నాలుగో రోజున కోదండం ఒక కొత్త సంగతి కలిపాడు. బద్ధకం అంటువ్యాధి. బద్ధకస్తుల పక్కన ఉన్నవాళ్ళకి, ఆ పక్కవాళ్ళకి, ఆ పక్కవాళ్ళ పక్కవాళ్ళకి కూడా సోకుతుంది. ఆ రోజు యాభై రెండు తోకలు లేచాయి. బొరియ పక్క పుట్టలో ఉండే ఉడుము సామాను సర్దుకోకుండానే ఇల్లు మారింది. ఎదురు పొదలో ఉండే కౌజుపిట్టలు వరాలమ్మకి రోజూ వాగు కబుర్లు చెప్పేవి. అవి ఆ వైపు చూడడం మానేశాయి.

ఇవన్నీ వరాలమ్మ ఓర్చుకుంది. ఆవిడ ఓర్చుకోలేకపోయింది ఇంకో మాట. అది సుభద్ర అన్నది, చెడ్డ ఉద్దేశంతో కాదు.

"నీ సంగతి వదిలెయ్యి అక్కా. నీ బద్ధకం గుడ్లలోకి దిగదూ? పుట్టిన పిల్లలు పుట్టినచోటే పడుకుంటే ఎవరిది తప్పు?"

ఆ రోజు వరాలమ్మ వెనక గది వైపు తిరిగి, "సూరయ్యగారూ, నాకేమన్నా ఉందంటారా?" అని అడిగింది.

"ఏం లేదు. కూర్చో," అన్నాడు సూరయ్య.

"పిల్లలకి?"

"నువ్వు కూర్చుంటే ఏం కాదు."

ఆయన అంతకన్నా మాట్లాడడు. చెప్పవలసినదంతా చెప్పేశానని ఆయన ఉద్దేశం. ఒక పక్క ఈ నాలుగు మాటలు, ఇంకో పక్క పొద్దున్నే అడవి మొత్తం. వరాలమ్మ ఇంకో పదిహేను రోజులు ఆలోచించింది. ఏ తల్లి అయినా ఎంతకాలమని ఒక్కతే సరిగ్గా ఉండగలదు.

నలభయ్యో రోజు తెల్లవారుతుండగా పానకాలు వచ్చాడు. తోడు నడిచేవాళ్ళు ఉంటే అలవాటు నిలబడుతుందని ముందురోజే కూత వచ్చింది. తోడుగా తనే ఉంటానని పేరిచ్చాడు. వరాలమ్మని లేపినవాడికి పోటీలో జెర్రిని దాటే గౌరవం ఇస్తానని కోదండం మాటిచ్చాడు మరి.

సూరయ్య దుంపలు తవ్వుకోవడానికి వాగు అవతలికి వెళ్ళాడు. వరాలమ్మ చుట్టలు ఒక్కొక్కటే విప్పింది. గుడ్ల మీద ఎండుటాకులు కప్పింది. రెండుసార్లు గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చి ఆకులు సర్దింది.

"ఏడు చుట్లే కదత్తా, ఆ పెద్దపుట్ట చుట్టూ," అన్నాడు పానకాలు. "కాళ్ళు లేనివాళ్ళకి మూరని ఒక అడుగుగా లెక్కకడదామని పంచాయితీ ఒప్పుకుంది."

ఇద్దరూ బయలుదేరారు. నలభై రోజులు కదలని ఒళ్ళు, వరాలమ్మకి మూడో చుట్టుకే ఆయాసం వచ్చింది. నాలుగో చుట్టులో ఆకాశం మబ్బు పట్టింది. వేసవి వాన, చెప్పకుండా వస్తుంది.

"నేను వెళ్తాను బాబూ, గుడ్లు తడుస్తాయి."

"మధ్యలో ఆపితే ఇంతవరకూ నడిచింది లెక్కలోకి రాదు," అన్నాడు పానకాలు.

ఏడు చుట్లూ అయ్యాయి. పెద్ద పెద్ద చినుకులు మొదలయ్యాయి. వరాలమ్మ బొరియ వైపు తిరిగింది. పానకాలు దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"నడక అయిన వెంటనే ఏదైనా తేలికగా తినాలత్తా. లేకపోతే కండ కరుగుతుంది. అది అన్నిటికన్నా ముఖ్యం."

"ఎంత తినమంటావు?"

"చిన్నది. మరీ పెద్దదయితే మళ్ళీ పడుకుంటావు."

వరాలమ్మ అతని వైపు చూసింది. "నీ అంత ఉండవచ్చా?"

"నా అంతయితే సరిగ్గా సరిపోతుంది," అన్నాడు పానకాలు, ఛాతీ కొంచెం ముందుకి పెట్టి.

వరాలమ్మ చెప్పిన మాట వినే మనిషి కాదని తరువాత ఎవరూ అనలేకపోయారు.

చెట్టు మీద నుంచి కోదండానికి వానలో సరిగ్గా కనబడలేదు. కనబడినంత కూశాడు. "వరాలమ్మ లేచింది. నడక మూడువందల మూరలు. ఆహారం తేలికైనది, ఒకటే." దుప్పి అందుకుంది, కణుజు అందుకుంది, వానలో కూడా నెమలి అందుకుంది. ఆ పొద్దున లేచిన తోకలు ఎనభై ఆరు. అంచెకూత పుట్టిన నాటి నుంచీ అన్ని తోకలు లేవలేదు.

ఆ తోకలు లేచి ఉన్న సమయానికి బొరియలోకి నీళ్ళు దిగుతున్నాయి.

వాగు దాటి వచ్చిన సూరయ్య ముందు గదిలో గుడ్లు ఒంటరిగా ఉండడం చూశాడు. మొహం లోపలికి పెట్టి, వీపు వానకి పెట్టి గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాడు. ముళ్ళు గుడ్లకి తగలకుండా ఒళ్ళు దగ్గరికి లాక్కున్నాడు. వరాలమ్మ వచ్చేదాకా అలాగే ఉన్నాడు. కడుపులో బరువుతో ఆవిడ తొందరగా రాలేకపోయింది.

ఇద్దరూ గుడ్లు ఒక్కొక్కటే చూశారు. సూరయ్య చెవి పెట్టి విన్నాడు. విని, కొన్ని ఈ పక్కకి పెట్టాడు, కొన్ని ఆ పక్కకి. ఆ పక్కకి పెట్టినవి పదకొండు.

పాములకి కనురెప్పలుండవు. అందుకని వరాలమ్మ ఏడ్చిందో లేదో నేను చెప్పలేను. మిగిలిన ఇరవై మూడింటి చుట్టూ చుట్టలు వేసుకుని, వణికించడం మొదలుపెట్టింది.

"ఇంకో ఇరవై రోజులు," అన్నాడు సూరయ్య.

"ఇరవై రోజులు," అంది వరాలమ్మ.

మధ్యాహ్నం పంచాయితీ పెట్టారు. వరాలమ్మకి సన్మానం చెయ్యాలని మొదలుపెట్టారు గానీ, పానకాలు భార్య వచ్చి అడ్డం తగిలింది.

"మా ఆయన పొద్దున ఆవిడతో నడకకి వెళ్ళారు. ఇంకా రాలేదు."

"ఇంకో చుట్టు వేస్తుంటాడమ్మా. పట్టుదల ఉన్నవాడు," అంది మాణిక్యమ్మ.

"ఆవిడ వచ్చేసింది కదండీ."

ఉప్పు నాకుతున్నవాళ్ళు నాకడం ఆపేశారు.

"ఆహారం తేలికైనది, ఒకటే," అంది సుభద్ర నెమ్మదిగా. ఆ మాట పొద్దున ఆవిడే కణుజుకి అందించింది. అందించిన తరువాత అర్థమవడం ఆవిడకి అదే మొదటిసారి.

"రోజూ తినమని చెప్పిందెవరు?" అని బుచ్చయ్య కసిరాడు. బెరడు తింటున్నవాడు కదా, కోపం ముక్కు మీదే ఉంది.

"అందరం కలిసే కదా చెప్పాం," అన్నాడు కోదండం. ఆయన ఆ రోజు కింది కొమ్మ దాకా కూడా దిగలేదు.

"ఇప్పుడేం చేద్దాం? పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి అన్నారు. సాయంత్రం అవబోతోంది," అంది మాణిక్యమ్మ. ఏనుగుని కొండచిలువ తినదు గానీ, పెద్ద అన్నాక కంగారు పడాలి.

అప్పుడు తడిసిన ముళ్ళతో సూరయ్య వచ్చాడు. జీవితంలో అంతకుముందు ఎప్పుడూ అన్ని మాటలు మాట్లాడలేదు.

"వరాలమ్మ తినకూడదు. కదలకూడదు. ఎవరితోనూ మాట్లాడకూడదు. చుట్టచుట్టుకుని ఇరవై రోజులు అలాగే ఉండాలి. ఎవరూ అటు వెళ్ళకండి. అన్నీ సర్దుకుంటాయి."

అని వెళ్ళిపోయాడు. ఆ తరువాత మాట్లాడడానికి ఎవరికీ ఏమీ తోచలేదు కాబట్టి ఆఖరి మాట ఆయనదే అయింది. మాణిక్యమ్మ తీర్మానం చేసింది. సూరయ్య వైద్యం అంచెలోకి ఎక్కడం అదే మొదలు.

కోదండం ఉన్నదున్నట్టు కూశాడు. వరాలమ్మకి సూరయ్యగారు చెప్పిన వైద్యం, ఇరవై రోజులు, అని పేరుతో సహా. దుప్పి మార్చలేదు, కణుజు మార్చలేదు. అడవి ఆ చివరనున్న నెమలి కూడా వరాలమ్మకి అనే చెప్పింది. అందరూ సరిగ్గానే విన్నారు.

విన్నాక సుభద్ర ఆలోచించింది.

"ఎనభై ఆరు తోకలు వచ్చిన మనిషి ఆవిడ. ఆవిడకి చెప్పారంటే ఊరికే చెప్తారా?" అంది పక్కనున్న దుప్పితో.

"సూరయ్యగారు ఎవరికైనా రెండు రోజులే చెప్పేవారు," అంది పక్క దుప్పి. "ఇది ఇరవై రోజులు. ఎంత పెద్ద మందో చూడు."

"మనకి దాచి ఆవిడకొక్కదానికే చెప్పారు."

"ఒకే బొరియలో ఉంటారు కదా."

ఆ సాయంత్రం సుభద్ర వాగు ఒడ్డున చుట్టచుట్టుకుని పడుకుంది. దుప్పికి చుట్ట సరిగ్గా రాదు, కాళ్ళు బయటికి వస్తాయి. అయినా ప్రయత్నించింది. ఆవిడని చూసి పక్క దుప్పి, దాన్ని చూసి ఆ పక్కది. మర్నాటికి గుంపు మొత్తం పడుకుంది. మూడో రోజుకి ఎలుకలు, ఉడుతలు, కౌజుపిట్టలు. తీర్మానమైన రోజు తోక ఎత్తలేదని ఎవరన్నా అంటారేమోనని ముంగిసలు కూడా. అడుగుల పోటీలో ఇప్పుడు సున్నా వచ్చినవాళ్ళది మొదటి స్థానం. జెర్రి ఆఖరికి వెళ్ళిపోయింది. అది చాలా బాధపడింది.

ఇరవై రోజులు తినకుండా ఎలా ఉన్నారని మీరు అడగవచ్చు. పక్కవాళ్ళు కళ్ళు మూసుకున్నప్పుడు తిన్నారు. పక్కవాళ్ళూ అందుకోసమే కళ్ళు మూసుకునేవాళ్ళు. నోరు మాత్రం ఎవరూ విప్పలేదు.

సూరయ్య దుంపలకి వెళ్తూ ఇదంతా చూసి సుభద్ర దగ్గర ఆగాడు.

"లే," అన్నాడు.

సుభద్ర మాట్లాడకూడదు కాబట్టి తల అడ్డంగా ఊపింది.

"ఎవరు చెప్పారు నీకిలా పడుకోమని?"

సుభద్ర ఆయన వైపే చూపించింది.

"అది గుడ్లు పొదిగేవాళ్ళకమ్మా."

సుభద్ర చాలాసేపు ఆలోచించింది. ఆ తరువాత వైద్యం చెడినా ఫరవాలేదనుకుని నోరు విప్పింది. "గుడ్లు ఎక్కడ దొరుకుతాయండీ?"

సూరయ్య దుంపల దారి పట్టాడు. మర్నాడు ఆయన మళ్ళీ అటు వచ్చేసరికి సుభద్ర పొట్టకింద వాగులోంచి తెచ్చిన గుండ్రటి రాళ్ళు తొమ్మిది ఉన్నాయి. పక్క దుప్పి కింద పన్నెండు. బుచ్చయ్య రెండు పెద్ద బండరాళ్ళు కౌగిలించుకుని, బెరడు తప్పినందుకు తృప్తిగా ఉన్నాడు. నల్లమద్ది చిటారుకొమ్మన కోదండం ఒడిలో మూడు వెలగకాయలు పెట్టుకుని, కళ్ళు మూసుకుని వణుకుతున్నాడు. కొమ్మ చివర వణకడం అంత సులువు కాదు. కిందకి చూసే తీరిక కూడా ఆయనకి లేదు.

సూరయ్య అందరినీ కదిపి చూశాడు. కోప్పడ్డాడు. ఒకరిద్దరికి ముల్లు కూడా తగిలించాడు. వాళ్ళు నొప్పిని ఓర్చుకుని ఆయనకే దణ్ణం పెట్టారు. ఆయన వైద్యం మీద అడవికి అంత గురి ఎన్నడూ లేదు.

బొరియలో వరాలమ్మ మాత్రం ఎవరి గొడవా లేకుండా, ఎవరి మాటా వినబడకుండా కూర్చుంది. అంచెకూత ఆగిపోయి పదిరోజులైంది. ఆవిడ చేస్తున్నది తప్పని చెప్పేవాళ్ళు ఒక్కరూ లేరు.

ఇరవయ్యో రోజున గుడ్లు చిట్లాయి. ఒకటి తరువాత ఒకటి, ఇరవై మూడు తలలు బయటికొచ్చాయి. వరాలమ్మ లెక్కపెట్టుకుంది. పడుకునే పిల్ల ఒక్కటీ లేదు, అన్నీ గుమ్మం వైపు పాకుతున్నాయి. పుట్టిన పిల్లలకి ఆకలి ఉంటుంది, తల్లికి రెండు నెలల ఆకలి, మధ్యలో తేలికైనది ఒకటే.

వరాలమ్మ గుమ్మంలోకి వచ్చి తల బయటికి పెట్టి చూసింది. గుమ్మం ముందు ఎలుకలు, పొదకింద కౌజుపిట్టలు, వాటి వెనక ఉడుతలు, ఇంకొంచెం పైన వాగు ఒడ్డున దుప్పుల గుంపు. అందరూ కళ్ళు మూసుకుని, ఒళ్ళు ముడుచుకుని, చడీచప్పుడూ లేకుండా వరసగా పడుకుని ఉన్నారు.

ఆవిడ పిల్లల వైపు తిరిగి మెల్లగా అంది: "దూరం వెళ్ళకండి నాన్నా. అవసరం లేదు."

చివరికి తేలింది ఇది: చెప్పిన వైద్యం తు.చ. తప్పకుండా పాటించే ఇరుగుపొరుగు ఉంటే, ఏ తల్లికీ పిల్లల్ని పెంచడం కష్టం కాదు.